కాపలా ఊరిది, మాట ఎవరిది?



అడవి అంచున ఉన్న ఊళ్లలో రైతులు ఆ అడవిని ఎలా చూస్తారు, దాన్ని కాపాడే పనిలో ఎంతవరకు పాలుపంచుకుంటారు అన్న విషయం ఈ పూట మాట్లాడుకుందాం. ఊరి జనమే అడవిని నరికేస్తున్నారని కొందరంటారు. అడవి ఇంకా మిగిలిందంటే ఆ ఊరి జనం వల్లేనని మరికొందరంటారు. ఈ రెండూ నిజాలే. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఈ రెండూ జరుగుతాయి. రైతు ఎప్పుడు గొడ్డలి పడతాడు, అదే రైతు ఎప్పుడు కాపలా కర్ర పడతాడు అన్నది తెలిస్తే, మన అడవుల సంగతి సగం తెలిసినట్టే.

అడవి పక్క రైతుకు అడవి అంటే చూసి ఆనందించే పచ్చదనం ఒక్కటే కాదు. నాగలి, కాడి, పందిరి గుంజలు, చేనికి కంచె అన్నీ అందులోంచే వస్తాయి. వానాకాలంలో చేలన్నీ పైరు మీద ఉన్నప్పుడు పశువులు మేయడానికి మిగిలేది అడవే. మాగాణి మడిలో తొక్కే కానుగాకు, వేసవిలో చేతికి నాలుగు డబ్బులిచ్చే తునికాకు, చింతపండు, ఉసిరి, ఇప్పపువ్వు, కుంకుళ్లు అక్కడివే. వీటన్నిటికంటే పెద్దది నీరు. కొండ మీద చెట్టూ గడ్డీ ఉంటే పడిన వాన నేలలో ఇంకి, వాగు సంక్రాంతి దాటినా పారుతుంది. కొండ బోడిదైతే ఆ వానే మట్టిని కోసుకొచ్చి చెరువును పూడుస్తుంది. ఈ సంగతి అడవి పక్క రైతుకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

మరి అంత తెలిసిన రైతు అడవి తరిగిపోతుంటే ఎందుకు ఊరుకున్నాడు? దీనికి జవాబు చరిత్రలో ఉంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఊరి వాడకంలో ఉన్న కొండలూ కోనలూ రిజర్వు అడవులయ్యాయి. పశువు మేస్తే పన్ను, పుల్ల ఏరితే పర్మిట్, లేకుంటే జరిమానా. ఆ మేత పన్నునే మనవాళ్లు పుల్లరి అన్నారు. పల్నాడు రైతులు 1921లో మేం పుల్లరి కట్టం అని ఎదురు తిరిగారు. వాళ్లకు నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకీ గుండ్లకు నేలకొరిగాడు. అదే ఏడాది మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట గిరిజనులు కదలడానికి ఉన్న కారణాల్లో పోడు సేద్యం మీద ఆంక్షలు ముఖ్యమైనవి. నిజాం రాజ్యంలో కొమరం భీం జల్, జంగల్, జమీన్, అంటే నీరు, అడవి, భూమి కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. కోస్తా రైతు, మన్యం గిరిజనుడు, ఆదిలాబాద్ గోండు ముగ్గురూ దాదాపు ఒకే మాట అన్నారు: ఈ అడవి మాది కాదని మీరెలా అంటారు?

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఊరికీ అటవీ శాఖకూ మధ్య ఆ దూరం తగ్గలేదు. అడవి సర్కారుదైనప్పుడు దాని బాగోగులూ సర్కారే చూసుకోవాలన్న భావం ఊళ్లలో స్థిరపడింది. దొంగ కలప బండి ఊరి మీదుగా పోతున్నా, కొండకు నిప్పంటుకున్నా, మనకెందుకొచ్చిన గొడవ అని తలుపు వేసుకున్నారు. తనది కాని దాన్ని కాపాడటానికి ఎవరూ రాత్రి నిద్ర మానుకోరు కదా.

ఈ పరిస్థితి మారడానికి మొదటి దారి పశ్చిమ బెంగాల్‌లోని అరాబరిలో కనిపించింది. 1970ల మొదట్లో అక్కడి అటవీ అధికారులు చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో ఒక ఒప్పందానికి వచ్చారు. మీరు సాలు అడవిని కాపాడండి, పెరిగాక వచ్చే రాబడిలో పావు వంతు మీకు అన్నారు. మోడులే మిగిలిన నేల మళ్లీ అడవయింది. 1988 జాతీయ అటవీ విధానం స్థానికుల అవసరాలకు పెద్దపీట వేసింది. 1990 జూన్‌లో కేంద్రం రాష్ట్రాలన్నిటికీ ఉమ్మడి అటవీ యాజమాన్యం చేపట్టమని రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఉత్తర్వులు వచ్చాయి. అలా పుట్టినవే వన సంరక్షణ సమితులు. ఊళ్లలో వీఎస్ఎస్ అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో సామాజిక అటవీ యాజమాన్య పథకం మొదలైంది. ఆ దశాబ్దం మధ్యకు వచ్చేసరికి ఉమ్మడి రాష్ట్రంలో సమితుల సంఖ్య ఎనిమిది వేలు దాటింది.

కాగితం మీద చూస్తే ఏర్పాటు బాగానే ఉంది. ఊరికి ఆనుకున్న అడవిలో కొంత భాగాన్ని సమితికి అప్పగిస్తారు. ఇంటికి ఒక మగ, ఒక ఆడ చొప్పున సభ్యులు. కార్యవర్గంలో ఆడవాళ్లకు తప్పనిసరి స్థానం. కాపలా, పెంపకం సమితివి. సమితి పెంచిన అడవిలో వచ్చే కలప, వెదురు రాబడి సమితికే దక్కాలి, అందులో కొంత మళ్లీ ఆ అడవి మీదే ఖర్చు పెట్టాలి.

అడవి పెంపకమంటే కొత్త మొక్కలు నాటడమే అనుకుంటాం. చాలా చోట్ల అసలు పని ఉన్న మోడులతోనే జరిగింది. టేకు, నల్లమద్ది లాంటి చెట్లను నరికినా వేరు బతికే ఉంటుంది. ఏటేటా దానికి పిలకలు వస్తూనే ఉంటాయి, పశువులు కొరుకుతూనే ఉంటాయి. అలా అది పొదగా మిగిలిపోతుంది. సమితి సభ్యులు చేసిన పని ఎలాంటిదో చూడండి. గుబురుగా ఉన్న మోడు దగ్గర కూర్చుంటారు. ఎత్తుగా, వంకరగా నరికి వదిలేసిన మోడును నేలకు సమంగా కోస్తారు. నీరు నిలిచి కుళ్లిపోకుండా కోత కాస్త ఏటవాలుగా ఉండాలి. ఆ మొదలు నుంచి గుంపుగా పిలకలు లేస్తాయి. వాటిలో నిటారుగా, బలంగా ఉన్న ఒకటి రెండు ఉంచి తక్కినవి కొడవలితో మొదలంటా తీసేస్తారు. తీసిన కొమ్మలు ఇంటికి వంటచెరకు. ఉంచిన పిలక, వేరు బలమంతా తనకే దక్కడంతో, నాటిన మొక్క కంటే వేగంగా ఎదుగుతుంది. దానికి తోడు వాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు, వాగుల్లో రాళ్లు పేర్చి కట్టలు వేశారు, వేసవికి ముందే అగ్గి గీతలు తీసి నిప్పు అటు నుంచి ఇటు దాటకుండా చేశారు. ఊరు గట్టిగా నిలబడిన చోట ఇదంతా ఫలించింది. పొద కనిపించిన చోట నాలుగైదేళ్లలో నీడ కనిపించింది.

అయితే అన్ని చోట్లా ఇలా జరగలేదు. ఎందుకు జరగలేదో తెలియాలంటే ఊళ్లోకి వెళ్లి ఒక్కొక్కరినీ అడగాలి. రైతులు అని ఒకే మాటతో అందరినీ కలిపేస్తే అసలు సంగతి తెలియదు.

కొండ కింద బావి, మాగాణి ఉన్న రైతును అడగండి. అడవిని మూసేస్తే ఆయనకు పోయేది తక్కువ, వచ్చేది ఎక్కువ. బావిలో ఊట పెరుగుతుంది, చెరువులో పూడిక తగ్గుతుంది. ఆయన సమితిని గట్టిగా సమర్థిస్తాడు. అదే ఊళ్లో మేకలు కాసుకునే ఇంటిని అడగండి. నిన్నటిదాకా మేపిన కొండను ఈ రోజు మూసేశారు. జీవాలను ఎక్కడికి తోలాలి? సగం మందను అమ్ముకోవాలా? ఆ తర్వాత నెత్తిన కట్టెల మోపుతో రోజూ సంతకో పట్నానికో నడిచే ఆడమనిషిని అడగండి. ఆమెకు భూమి లేదు. మోపు అమ్మితేనే ఆ పూటకు బియ్యం. దగ్గరి అడవి మూతపడితే ఇంకో నాలుగు మైళ్లు నడవాలి, లేదా పొరుగూరి అడవిలో దొంగలా దూరాలి. అడవి పెరగాలంటే ముందుగా తన పొట్ట కట్టుకోవలసింది ఆమె. లాభం మాత్రం ముందుగా బావి ఉన్నాయనకు చేరింది. ఈ లెక్కను సరిచేయకుండా ఊరంతా ఒక్కటై అడవిని కాపాడాలని చెబితే, వినడానికి బాగుంటుంది కానీ పని జరగదు.

మన్యంలోకీ ఏజెన్సీలోకీ వెళ్తే ఇంకో ప్రశ్న ఎదురవుతుంది, పోడు. తాతల నాటి నుంచి కొండవాలులో పోడు చేసుకుంటున్న కుటుంబాలకు పట్టా లేదు. సమితులు వచ్చినప్పుడు కొన్ని చోట్ల ఆ పోడు భూముల్లోనే మొక్కలు నాటారు. అక్కడ సమితి అనే పేరు వింటేనే జనం బెదిరారు. ఊరిని కలపడానికి వచ్చిన ఏర్పాటే భూమి తీసుకుపోయే ఏర్పాటుగా కనిపించింది. అలాంటి చోట రైతుకు అడవి మీద ప్రేమ లేదని అనడం అన్యాయం. తిండిగింజలు పండే చేనును వదులుకోమని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు?

మనస్ఫూర్తిగా అడవిని కాపాడిన రైతులను కూడా కలవరపెట్టే విషయం ఒకటుంది, అడవి పందులు. అడవి దట్టమైన కొద్దీ పందుల గుంపులు చేలమీద పడతాయి. వేరుశనగ, మొక్కజొన్న, కంద ఏదైనా ఒక్క రాత్రిలో దున్నేసినట్టు చేస్తాయి. మంచె మీద రాత్రంతా డబ్బా మోగిస్తూ గడిపిన రైతుకు, పంట నష్టం చూడటానికి ఎవరూ రాకపోతే, మరుసటి ఏడాది అడవి మీద జాలి ఎక్కడినుంచి వస్తుంది? నష్టపరిహారం సకాలంలో అందడం కూడా అడవి సంరక్షణలో భాగమే.

ఇక పాలుపంచుకోవడం గురించి. సమితుల్లో చాలామంది రైతులు చేరింది కూలి కోసం. అందులో తప్పేమీ లేదు. పని లేని వేసవిలో కందకం తవ్వితే కూలి వస్తుంది, తుపాకీ పట్టుకుని కాపలా కాసే శాఖ కన్నా పని ఇచ్చే శాఖ మేలు. కానీ కూలి ఉన్నంత కాలమే సమావేశాలు నిండుగా సాగాయి. ఏ మొక్క నాటాలో, ఎక్కడ నాటాలో, ఖాతాలో డబ్బు దేనికి వాడాలో ఎవరు తేల్చారు? చాలా చోట్ల సమితి ఖాతా సమితి అధ్యక్షుడితో పాటు అటవీ అధికారి సంతకం లేనిదే కదిలేది కాదు. మైక్రోప్లాన్ పేరుతో ఊరి కోరికలు రాసుకున్నారు. అయితే చాలా చోట్ల ఊరు చింత, ఉసిరి, కానుగ అడిగితే నేలలోకి దిగింది జామాయిల్. ఇంటికి ఒక ఆడమనిషి సభ్యురాలని రాసినా, మాట్లాడే వంతు వచ్చేసరికి ఆమె వెనక వరసలో కూర్చునే ఉంది. కట్టెలకూ ఆకులకూ రోజూ అడవికి వెళ్లేది ఆమె. ఏ వంపులో ఏ చెట్టు చిగురిస్తోందో ఆమెకు తెలిసినంతగా సమావేశంలో గట్టిగా మాట్లాడే మగవాళ్లకు తెలియదు.

ప్రపంచ బ్యాంకు పథకం 2010లో ముగిసింది. నిధులు ఆగగానే ఎన్నో సమితులు పేరుకే మిగిలాయి. రిజిస్టర్లు బీరువాల్లోకి వెళ్లాయి, కాపలా వంతులు ఆగిపోయాయి. రైతు మనసు మారిందని దీన్ని అర్థం చేసుకోకూడదు. కౌలు రైతును చూడండి. వచ్చే ఏడాది ఈ భూమి తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు చెరువు మట్టి తోలించి పొలాన్ని బాగు చేస్తాడా? ఈ ఏడు పంట ఎంతవస్తే అంత చాలనుకుంటాడు. అడవి విషయంలో ఊరిని మనం ఇంతకాలం కౌలుదారుగానే ఉంచాం.

దీనికి భిన్నంగా జరిగిన కథ ఒకటి అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడుగా, చుట్టుపక్కల ఊళ్ల రైతులూ గొర్రెల కాపరులూ బోడి గుట్టలను కాపాడుకునే పనికి పూనుకున్నారు. దానికి కల్పవల్లి అని పేరు పెట్టుకున్నారు. దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో అదొకటి. అక్కడ వాళ్లు పెద్ద ఎత్తున తోటలేమీ నాటలేదు. నిప్పు రాకుండా చూశారు, చెట్టు కొట్టకుండా ఊళ్ల నుంచే కాపలాదారులను పెట్టుకున్నారు, గడ్డి విత్తనాలు, చెట్ల విత్తనాలు చల్లారు. మేతను పూర్తిగా ఆపకుండా ఒక పద్ధతిలో పెట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ ఏడు వేల ఎకరాలకు పైగా గుట్టలు పచ్చబడ్డాయి. కప్పుకు బోద గడ్డి, చాపలకూ చీపుర్లకూ ఈత ఆకు దొరికాయి. వాగుల్లో నీరు నిలిచే కాలం పెరిగింది. తోడేళ్లూ జింకలూ తిరిగి వచ్చాయి.

ఇక్కడ గొర్రెల కాపరి కూడా కాపలాదారే అన్నది గమనించండి. అతన్ని బయటకు తోసేసి గడ్డి పెంచలేదు, అతనితో కూర్చుని నియమం పెట్టుకున్నారు. అందుకే ఆ నియమం నిలిచింది.

కానీ కల్పవల్లికీ ఒక పెద్ద దెబ్బ తగిలింది. రికార్డుల్లో ఆ నేల బంజరు. ఊళ్ల పేరు మీద ఏ హక్కు పత్రమూ లేదు. 2010 తర్వాత ఆ గుట్టల మీద గాలిమరలు వచ్చాయి. వాటికోసం కొండలు తొలిచి రోడ్లు వేశారు. ఇరవై ఏళ్లు కాపాడిన గడ్డి నేల చీలికలైంది. ఊళ్లవాళ్లు పర్యావరణ కేసులు విచారించే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. గాలి నుంచి కరెంటు రావాలి, కాదనను. అయితే ఆ కొండను పచ్చగా చేసినవాళ్లను అడగకుండా, బంజరు అన్న ఒక్క మాటను చూసి దాన్ని ఇచ్చేయడం సరైనదని ఎవరనగలరు? చెమట ఊరిదైనా సంతకం ఊరిది కాకపోతే ఇలాగే అవుతుంది.

సంతకం ఊరిదయ్యే దారి మన చట్టంలోనే ఉంది. అది 2006 అటవీ హక్కుల చట్టం. పోడు భూములకు పట్టాలిచ్చే చట్టంగానే మనకు దాని పేరు తెలుసు. తెలంగాణలో 2023లో లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలు పంచింది ఆ చట్టం కిందే. కానీ ఆ చట్టంలో ఇంకో హక్కు ఉంది. ఊరు తరతరాలుగా వాడుకుంటూ కాపాడుకుంటూ వచ్చిన అడవి మొత్తాన్ని, గ్రామసభ తన పేరిట కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు. ఈ సామూహిక హక్కు మీద ఊళ్లలోనూ, ఆఫీసుల్లోనూ చర్చ చాలా తక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో మొదట్లో సామూహిక హక్కు పత్రాలు ఎన్నో చోట్ల గ్రామసభల పేరిట కాకుండా వన సంరక్షణ సమితుల పేరిట ఇచ్చారు. హక్కు గ్రామసభదని చట్టం అంటుంటే, కాగితం మాత్రం మళ్లీ శాఖ పర్యవేక్షణలో ఉన్న సమితి చేతికే వచ్చింది.

గ్రామసభ చేతికి హక్కు వస్తే ఏం జరుగుతుందో చూడాలంటే మనకు దూరం పోనక్కర్లేదు. తెలంగాణ సరిహద్దుకు అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు గ్రామం ఉంది. ఆ ఊరికి 2009లో దాదాపు పద్దెనిమిది వందల హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు దక్కింది. వెదురు తామే కోసి, తామే అమ్ముకోవడానికి పర్మిట్ కోసం మరో రెండేళ్లు పట్టుబట్టి, 2011లో సాధించారు. ఎంత వెదురు కోయాలో, ఏ భాగాన్ని వదిలేయాలో గ్రామసభే తేలుస్తుంది. అక్కడ నిర్ణయాలు చెయ్యెత్తి ఓట్లు లెక్కపెట్టి తీసుకోరు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు. ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ఒప్పుకున్నాక ఎవరూ దాటరు.

మన తునికాకు సంగతే తీసుకోండి. ఫిబ్రవరిలో కొమ్మ కొట్టడం, ఏప్రిల్, మే ఎండల్లో తెల్లవారకముందే లేచి ఆకు కోయడం, యాభై ఆకులు ఒక కట్ట కట్టి కల్లానికి తెచ్చి ఇసుక మీద ఆరబెట్టడం, ఈ పనంతా ఊరిదే. ధర మాత్రం పైనుంచి వస్తుంది. తెలంగాణలో ఆకు వేలంలో వచ్చిన లాభంలోంచి కోసినవాళ్లకు బోనస్ ఇచ్చే పద్ధతి వచ్చింది. అది మంచి అడుగు. ఇంకొక్క అడుగు ముందుకు వేసి, ఏ రేటుకు అమ్మాలి, కొమ్మ కొట్టే పని ఎలా సాగాలి అన్నది కూడా ఊరి నోట వస్తే, చిగురు త్వరగా రావాలని ఆ తునికి చెట్టుకు ఎవరూ నిప్పు పెట్టరు.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఇదీ. రైతుకు అడవి కావాలి. ఆ కోరికను కొత్తగా పుట్టించడానికి ఊరేగింపులూ గోడల మీద నినాదాలూ అక్కర్లేదు. పుల్లరి రోజుల నుంచి ఈ రోజు దాకా రైతు అడుగుతున్నది ఒక్కటే, నా మాటకు విలువుందా అని. విలువున్న చోట ఊరు రాత్రి నిద్ర మానుకుని కాపలా కాసింది. విలువ లేని చోట కూలి తీసుకుని ఇంటికి వెళ్లింది. అలాగని అటవీ శాఖ అక్కర్లేదని కాదు. నిప్పు, దొంగ కలప, తెగుళ్లు, శాస్త్రజ్ఞానం విషయంలో ఊరికి ఆ శాఖ తోడు కావాలి. ఆ తోడు పెత్తనంగా మారకుండా ఉంటే చాలు.

అడవి పక్క ఊళ్లలో ఈ ప్రసంగం వింటున్న రైతు సోదరులకూ, అక్కచెల్లెళ్లకూ ఒక విన్నపం. ఈసారి గ్రామసభ జరిగినప్పుడు నాలుగు విషయాలు అడగండి. మన ఊరి అడవి సరిహద్దులు ఏ కాగితం మీద ఉన్నాయి? దాని మీద సామూహిక హక్కు కోసం మనం దరఖాస్తు పెట్టామా, పెడితే అది ఎక్కడ ఆగింది? సమితి ఖాతాలో ఎంత డబ్బు ఉంది, అది ఎవరి మాట మీద ఖర్చవుతోంది? అడవి మూస్తే జీవాలు ఉన్న ఇంటికీ, మోపు అమ్ముకునే ఇంటికీ ముందుగా ఏం ఇస్తున్నాం? ఈ నాలుగింటిలో చివరిది మరీ ముఖ్యం. అందరికన్నా ఎక్కువ వదులుకుంటున్నవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి మొదట వాళ్ల మాట వినండి. నియమాలు ఆ తర్వాత రాసుకోండి. అలా రాసుకున్న నియమాన్ని కాపాడటానికి గార్డు తుపాకీ అవసరం ఉండదు, ఊరే నిలబడుతుంది.